ఎండబెట్టిన పచ్చి పిక్కలు

అక్క చనిపోయిన నెల రోజులకు, నమూనాల కోసం ఐస్ పెట్టె పట్టుకుని పలాసలో రైలు దిగాను. ఆటోలో ఉద్దానంలోని అక్కావాళ్ల జీడితోటకు వెళ్లాను.

జీడిపిక్కలో నిల్వ ఉండే ప్రొటీన్ల జన్యువుల మీద నా పని. ఒక్కో జన్యువు మధ్యమధ్యలో ప్రొటీన్‌కు అక్కరలేని భాగాలుంటాయి. కణం జన్యువుకు ఆర్‌ఎన్‌ఏ నకలు తీసి, ఆ భాగాలను కత్తిరించి, మిగిలినవాటిని అతుకుతుంది. కోత ఎక్కడ పడుతుందో తెలియాలంటే జన్యువునూ అతికిన నకలునూ పక్కపక్కన పెట్టి చూడాలి. జన్యువు ఏ ఆకులోనైనా ఉంటుంది. అతికిన నకలు మాత్రం ఎదుగుతున్న పచ్చి పిక్కలోనే దొరుకుతుంది.

పిక్కల వయసు నాకు తెలియాలని, పూత విచ్చినప్పుడే అక్క ఒక చెట్టు గుత్తులకు పాత చీర పీలికలు కట్టింది. మిగతా చెట్లకు గుర్తుల్లేవు.

బావ ఎదురొచ్చాడు. "ఏటి మరదలా, ఐస్‌క్రీమ్ అమ్మడానికొచ్చినావా?"

నవ్వాను. వాకిట్లో చాప మీద పిక్కలు ముడుచుకుపోయి ఉన్నాయి.

"నీ పిక్కలే. మీ అక్క గుడ్డలు కట్టినియ్యే. నువ్వొచ్చీలోగా ముదిరిపోతాయని కోసీసినాను. పచ్చియి కుళ్లిపోతాయని ఎండెట్టినాను."

ఇక్కడ చెట్టు దిగిన పిక్కను ఎవరైనా ఎండబెడతారు. ఆ ఎండకు ఆర్‌ఎన్‌ఏ నిలవదు. ఈ ఏడాదికి ఇక నమూనా లేదు.

బావ నా ముఖమే చూస్తున్నాడు. బాగున్నాయని చెప్పి సంచిలో పోసుకుని వెళ్లిపోవచ్చు. పరామర్శకు వచ్చినవాళ్లందరూ ఆయనతో అలాంటి మాటలే మాట్లాడారు.

"పనికిరావు బావా."

"అన్నీనా?"

"అన్నీ."

చాప మీంచి ఒక పిక్క తీసి చూశాడు. "మీ అక్కయితే ముందు ఫోన్ సేసి అడిగీది. ఇంతకీ వాటిలో ఏటి సూద్దామనుకున్నావు?"

చెప్పాను. చివరిదాకా విన్నాడు.

"తీసీసిన ముక్కలేటవుతాయి?"

"కణమే విరగ్గొట్టేస్తుంది. ఆ పొడితో మళ్లీ ఏదో చేసుకుంటుంది."

"ఇదంతా మీ అక్కకి తెలుసా?"

"తెలుసు. చీర పీలికలు కట్టమన్నప్పుడే చెప్పాను."

"నాకు సెప్పనేదు సూడు," అన్నాడు. ఆయనకు అక్క మీద నిజంగానే కోపం వచ్చింది. అక్క వంటింట్లో ఉన్నట్టు ఇంటివైపు చూశాడు.

లేత ఆకులు కోసుకుంటాను, జన్యువైనా దొరుకుతుంది, మిగతాది వచ్చే కాపుకు చూద్దాం అన్నాను. బావ నన్ను పీలికలున్న చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, నాకు అందేలా కొమ్మ వంచి పట్టుకున్నాడు.