ఒక్క రింగు

సుమకు కోపం వచ్చిందంటే ముక్కు ఎర్రబడుతుంది. ఆ పొద్దు మూకండపల్లి ఆఫీసులో టెస్టు బెంచీ ముందర ఆ ముక్కు మిరపపండైపోయింది.

కాదా మరి! ఏండ్లుగా ప్రాణం పెట్టి చేసిన పనాయె. విమానం గోడల లోపల కట్టలు కట్టలుగా వైర్లు పోతాయి. అదురుకు ఒకదానికొకటి రాసుకొని పైతొడుగు అరిగితే నిప్పురవ్వ లేస్తుంది. దాన్ని ముందే పసిగట్టేదానికి సుమ చింతగింజంత సెన్సార్లు చేసింది. వాటికి మళ్లీ వైర్లు లాగితే ఏం లాభం? అందుకే అవి గాల్లోనే కబురు పంపుతాయి. బ్యాటరీ పిసరంత, అదేమో ఏండ్ల తరబడి రావాల. దానికని సుమ వాటికి ఒకటే నేర్పింది: బాగుంటే నోరు మూసుకొని నిద్రపోండి, చెడితేనే అరవండి.

మేనేజరు శశికుమార్ ఒక సెన్సారుకు బ్యాటరీ పీకేసినాడు. స్క్రీను మీద అంతా పచ్చగానే ఉంది.

"చచ్చినదాన్ని కూడా బాగుండాదనే అంటా ఉండాది కదమ్మా ఇది! సోమవారం కస్టమర్లు వస్తారు. ఇట్లే చూస్తే ప్రాజెక్టు మూసేస్తారు," అన్నాడు. తిట్టడం కాదు, పాపం, ఆయనకూ దిగులే.

మాటిమాటికీ మాట్లాడిస్తే బ్యాటరీ అయిపోతుంది. మాట్లాడించకపోతే బతికుందో లేదో తెలీదు. సుమకు తల దిమ్మెక్కింది.

సాయంత్రమైంది. వేప్పనపల్లి నుంచి నాయిన మిస్డ్‌కాల్ రాలేదు. అమ్మ పుట్టమ్మ సామల్పట్టిలో చెల్లెలింటికి పోయింది. ఆమె వచ్చేదాకా నాయిన చౌడప్ప మామిడితోపులో మోటరేసి, ఇల్లు చేరగానే ఒక్క రింగిచ్చి కట్ చేయాలని సుమే కండిషన్ పెట్టింది. మాట్లాడే పనిలేదు, రింగొస్తే చాలు, మనసుకు నెమ్మది. ఈ పొద్దు రాలేదు. చేస్తే స్విచాఫ్. ఆ పాత స్టార్టరు పెట్టె, ఆ తడినేల... షాకు కొట్టిందేమో అనుకుంది సుమ. పని ఆడనే పారేసి కృష్ణగిరి బస్సెక్కింది, ఆడ దిగి ఇంకో బస్సు.

పోయి చూస్తే ఏముంది! చౌడప్ప అరుగుమీద కూర్చొని దర్జాగా సంగటి తింటా ఉండాడు. ఫోను కాలవలో పడిందంట, బియ్యం డబ్బాలో ఆరబెట్టినాడు.

"ప్రాణం తీసేస్తివి కదా నాయినా! పక్కింటోళ్ల ఫోన్లో అన్నా ఇయ్యకూడదా?" సుమ ఏడుస్తానే తిట్టింది.

"నీ నంబరు నాకు నోటికి వస్తుందామ్మా? ఒక్క రింగు రాలేదని ఇంత దూరం వచ్చేస్తారా?"

"రాకపోతేనే కదా రావాల్సింది!"

అనేసినాక సుమకు తట్టింది. సెన్సార్లకు తాను నేర్పనిది ఇదే కదా! అప్పుడప్పుడూ ఒక్క రింగు, 'ఉండాను' అని, అంతే. బ్యాటరీకి అదేం బరువు? అది రాకపోతే స్క్రీను ఎర్రబడాల.

"అది సరేలే," అన్నాడు చౌడప్ప చెయ్యి కడుక్కుంటా. "నువ్వు దినామూ రూముకు చేరినావని నాకెట్ల తెలిసేది?"

సుమ ఒక్కనాడూ రింగిచ్చింది లేదు. సిగ్గేసింది.

సోమవారం కస్టమర్ల ముందర శశికుమార్ మళ్లీ బ్యాటరీ పీకినాడు. కాసేపటికి స్క్రీను ఎర్రబడింది. ఆయన మొగం వెలిగిపోయింది. ఒక విమానంలో కట్టి చూస్తామని కస్టమర్లు ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం రూము తాళం తీస్తానే సుమ నాయినకు రింగిచ్చింది. కట్ చేసేలోపలే ఎత్తేసినాడు.

"ఎత్తకూడదు నాయినా! చూసుకొని ఊరుకోవాల."

"ఊరుకుందామనే అనుకున్నానమ్మా," అన్నాడు చౌడప్ప. "చెయ్యి ఆగలేదు. తిన్నావా?"