గుమ్మానికి అడ్డంగా పెట్టె

విమానాలు ఆగిపోయిన ఏడాది, రెండు నెలలకని వచ్చిన మా అత్తయ్యగారు రువైస్ అనే ఎడారి ఊళ్లో మా కంపెనీ క్వార్టర్స్‌లో చిక్కుకుపోయారు. తిరుగు ప్రయాణానికి మంచి రోజు ముందుగా వచ్చిందని, పెట్టె సర్ది గుమ్మంలో ప్రస్థానం పెట్టేశారు. అలా పెడితే బయల్దేరినట్టే లెక్కట. ఆ వారంలోనే విమానాలు ఖలాస్. పెట్టె లోపల పెడదామంటే ససేమిరా అన్నారు. తీస్తే ఇక ఇల్లు చేరనని ఆవిడ భయం. పెట్టెలో పైనున్న రెండు చీరలే మార్చి మార్చి కట్టుకునేవారు. మాట తగ్గిపోయింది, అన్నం కెలికి వదిలేసేవారు. ఈవిడ ఏమైపోతారోనని నాకు బెంగ పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం కాలక్షేపానికి బ్రిటన్‌వాళ్ల పాత కామెడీ సినిమా ఒకటి పెట్టాను, నలుపు తెలుపుది. ఆవిడకి ఇంగ్లీషు రాదు కదా అని ప్రతి మాటకీ తెలుగు చెప్పడం మొదలెట్టాను. కాసేపు ఓర్చుకున్నారు.

"అమ్మాయ్, నువ్వు కాస్త ఊరుకో. అన్నీ కనిపిస్తూనే ఉన్నాయిగా," అన్నారు.

నాకు చుర్రుమంది. కానీ నోరు మూసుకుని చూస్తే నిజమే. ఆ డైరెక్టరు కెమెరాని గది మూల పెట్టి కదపడు. మనవాళ్లలాగా జోకు పేలగానే మొహం మీదకి దూకడం, టంగుమని సౌండు వెయ్యడం, ఏమీ లేవు. హాలు మధ్యలో గొడుగులు పెట్టే డబ్బా ఒకటుంది. వచ్చినవాళ్లంతా పెద్దమనుషుల్లా దాన్ని దాటుకునే వెళ్తారు. పక్కకి జరుపుదామని ఒక్కడికీ తట్టదు. చూడండని డైరెక్టరూ చెప్పడు, మన మానాన మనల్ని వదిలేస్తాడు. ఇంకొకాయన కాలెత్తేసరికి అత్తయ్యగారి పెదవి కదిలింది.

సరిగ్గా అప్పుడే మా ఆయన డ్యూటీ దిగి వచ్చారు. మొహానికి మాస్కు, రెండు చేతులా కూరల సంచులు. పెట్టె ముందు ఆగి, ఒక కాలెత్తి గంభీరంగా దాటారు. తర్వాత రెండో కాలు. రోజూ చేసే పనే మరి.

అత్తయ్యగారు నోటికి పైట అడ్డం పెట్టుకుని, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వారు. నేనూ ఆగలేకపోయాను. ఏమైందని ఆయన అడుగుతుంటే ఆ మొహం చూసి ఇంకా నవ్వాం. ఎన్నాళ్లకో నా ప్రాణం హాయిగా ఉంది.

నవ్వు ఆగాక ఆవిడే లేచి పెట్టెని గదిలోకి లాక్కెళ్లారు. కాసేపటికి అడుగునున్న గళ్ల చీర కట్టుకుని వచ్చి కూర్చున్నారు.

"విమానం ఎప్పుడెగిరితే అప్పుడే వెళ్తాలే," అన్నారు. "అది మళ్లీ మొదట్నుంచీ పెట్టు. నువ్వు మాత్రం మాట్లాడకు."