ఏటి మొగ దగ్గర దీపం

విడవలూరుకు తూర్పున, సముద్రం ఒడ్డు పల్లెలో నేను పంతులుగా ఉన్న రోజుల్లో, మా బడి పక్కింట్లో ఒక అక్క ఉండేది. అధికారులతో ఎప్పుడూ నిలబడే మాట్లాడేది. వాళ్ల ముందు కూర్చుంటే అడగాల్సింది సగం మరిచిపోతామనేది.

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, మునిమాపు వేళ ఇసుక మేట కనపడక పడవ తిరగబడి ఆమె భర్త పోయాడు. అక్కడ దీపం పెట్టమని ఆమె ఏళ్ల తరబడి అడిగింది. చివరికి సర్కారు లాంతరు స్తంభం ఇస్తే, పంచాయితీ ప్రెసిడెంటు దాన్ని తన వాకిట్లో పాతించుకున్నాడు. ఆయన ఇంటికొచ్చే చుట్టాలు చీకట్లో తడుముకోకూడదట. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్క కేకలు వేయలేదు. పట్టపగలే గడ్డపార తెచ్చి స్తంభం మొదట్లో తవ్వసాగింది.

"సర్కారు సొత్తు ముట్టుకుంటావా?" అన్నాడు ప్రెసిడెంటు.

"పడవలకి దావ చూపించమని ఇచ్చినారయ్యా. మీ ఇంటికి దావ తెలీనోళ్లు ఈ ఊళ్లో ఎవురుండారు?"

పల్లె ఆడవాళ్లంతా వచ్చి, స్తంభాన్ని భుజాల మీద మోసుకెళ్లి మొగ దగ్గర పాతారు.

వారం తిరక్కుండా అదే ప్రెసిడెంటు పూలదండలతో, పెద్దమనుషులతో దీపం ప్రారంభించడానికి వచ్చాడు. సిగ్గులేనితనానికైనా హద్దుండాలి. ఆయన అగ్గిపుల్ల గీయగానే అక్క ముందుకొచ్చింది.

"ముట్టించయ్యా. రేపట్నించి కిరసనాయిలు పంచాయితీ పోస్తాదని ఈళ్లందరి ముందరా చెప్పి ముట్టించు."

అగ్గిపుల్ల వేలి దాకా కాలింది. ఇంకోటి గీసేలోపు ఆయన ఆ మాట చెప్పక తప్పలేదు.