ఎడమచేతి ముడి

నాంచారయ్యకి సైకిల్ పిచ్చి అని పెడనలో చాలామంది నవ్వేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. పిచ్చేమిటండీ, నా మొహం! ఆ రెండు చక్రాలు తిరిగితేనే వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది. నేను పెడన సెంటర్లో సైకిల్ రిపేరు కొట్టు పెట్టుకుని బతికినవాణ్ణి. పాండురంగారావు అంటే ఎవరైనా చెబుతారు. ఊళ్ళో ఎవరికి సైకిల్ ముచ్చటో, ఎవరికి ప్రాణమో నాకు తెలిసేది.

నాంచారయ్యది నేత ఇల్లు. యాభైల చివరి రోజులవి. చేనేత సొసైటీ నూలు ఇస్తే మగ్గం ఆడేది, ఇవ్వకపోతే మగ్గం గుంటలో పిల్లి పడుకునేది. పిల్లి పడుకునే రోజులే ఎక్కువ. అందుకని అతను వీధిలో నలుగురు నేసిన తువ్వాళ్ళూ లుంగీలూ మూట కట్టి, సైకిల్ వెనక వేసుకుని బందరు కొట్లకీ, మొవ్వ వైపు ఊళ్ళకీ తిప్పి అమ్ముకొచ్చేవాడు. ఎండనీ వాననీ చూసేవాడు కాదు. మనిషి బక్కపల్చన, మూట మాత్రం మనిషంత ఉండేది.

మొదటి సైకిల్ బందరులో పోయింది. తాళం వేసే ఉంది. ఎవడో రాయి పెట్టి కొట్టి, తాళం అక్కడే పారేసి ఎక్కిపోయాడు. రెండో సైకిల్ కొనడానికి అతని భార్య నాగేశ్వరమ్మ మెడలో ఉన్న బంగారు గుళ్ళు పోయాయి. ఆ సైకిల్‌ని నా కొట్టు ముందు నిలబెట్టి, సీటు మీద చెయ్యేసి, “ఇది గనక పోయిందంటే నా పని అయిపోయినట్టే బావా” అన్నాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఆ పిలుపు ఎలా మొదలైందో కూడా గుర్తులేదు.

“ఇంకో గట్టి తాళం వేసుకో” అన్నాను.

“తాళాలు ఇనుముతో చేస్తారు బావా. ఇనుముని రాయి పగలగొడుతుంది. రాయికి లొంగనిది కావాలి” అన్నాడు.

తరవాత రోజూ నా కొట్టుకొచ్చి కూర్చునేవాడు. చేతిలో ఏదో ఒక రేకు ముక్క. నా సుత్తి, నా ఆకురాయి, నా డ్రిల్లు, అన్నీ అతనివే అయిపోయాయి. నేను కసిరేవాణ్ణి, అతను నవ్వేవాడు. చివరికి తయారయింది చూడండి, ఆ యంత్రం!

వెనక చక్రం స్పోకుల మధ్యనుంచి దూరే ఇనప కడ్డీ ఒకటి. కడ్డీ చివర ఎద్దు మెడలోంచి తీసిన మువ్వలు. కడ్డీని పట్టి ఉంచే తాడు సన్నటి గొట్టంలోంచి పైకి పోయి, సీటు కింద బిగించిన రేకు డబ్బాలో ముడిపడుతుంది. డబ్బాకి ఒకటే బెజ్జం, రెండు వేళ్ళు పట్టేంత. ఆ రెండు వేళ్ళతో తడుముకుంటూ ముడి విప్పితేనే కడ్డీ ఊడుతుంది. విప్పకుండా సైకిల్ కదిపితే చక్రం బిగుసుకుపోతుంది, మువ్వలు బజారంతా వినపడేలా మోగుతాయి. కోద్దామంటే కత్తి దూరదు. కొడదామంటే కొట్టడానికి తాళమే లేదు.

“ముడి ఎవడైనా విప్పుతాడు కదయ్యా?” అన్నాను.

“రా, విప్పు.”

రెండు వేళ్ళు పెట్టి చూశాను. లాగినకొద్దీ బిగుసుకుంది. నా గోరు విరిగింది. తిట్టి చెయ్యి తీసేశాను.

అది మగ్గం గుంటలో, కాళ్ళతో తొక్కే బద్దల తాళ్ళకి వేసే ముడి. పని ఉన్నంతసేపూ జారకూడదు, మార్చాలన్నప్పుడు ఇట్టే ఊడాలి. నేతవాళ్ళందరికీ వచ్చిన ముడే. కానీ నాంచారయ్య తండ్రిది ఎడమచేతి వాటం. ఆయన వేసే ముడి అందరి ముడికీ తిరగబడి ఉండేది. మిగతా నేతగాళ్ళ వేళ్ళు అలవాటు కొద్దీ అటు లాగుతాయి, అది ఇటు బిగుస్తుంది. ఆయన తన ఇద్దరు కొడుకులకీ అదే నేర్పి పోయాడు.

ఓ రోజు మా కొట్టు ముందు పందెం పెట్టాం. వీధిలో పెద్ద పెద్ద నేతగాళ్ళు వచ్చి డబ్బాలో వేళ్ళు పెట్టారు. ఒక్కొక్కళ్ళే తల గోక్కుంటూ వెళ్ళిపోయారు. ఈలలూ కేకలూ, అదో తిరునాళ్ళు. నాంచారయ్య తమ్ముడు సాంబయ్య కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. ఎవరో అతన్ని ముందుకి తోశారు. నాంచారయ్య పకపకా నవ్వి, “వాణ్ణి రానివ్వకండి, వాడు మా నాన్న కొడుకు!” అన్నాడు. అందరం నవ్వాం. సాంబయ్య కూడా నవ్వాడు.

సాంబయ్య ఇల్లు అన్నగారి ఇంటికి నాలుగు గుమ్మాల అవతల. భార్య భాగ్యలక్ష్మి బాలింతరాలు, మంచం పట్టింది. పిల్ల పాల కోసం ఏడ్చే ఏడుపు వీధికంతా వినపడేది. వాళ్ళ మగ్గం ఆగి ఎన్నాళ్ళయిందో. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసి ఏం చేస్తారు? ఎవరింట్లో మాత్రం మిగిలి చచ్చింది గనక!

అలా కొన్ని నెలలు నాంచారయ్య ధీమాగా తిరిగాడు. తరవాత ఒక మధ్యాహ్నం, బందరులో ఒక బట్టల కొట్టులో మూట దించి, మంచినీళ్ళు తాగి, బయటికి వచ్చేసరికి సైకిల్ లేదు.

మువ్వల చప్పుడు ఎవరూ వినలేదు. కొట్టు అరుగు మీద కడ్డీ ఉంది, మువ్వలు ఉన్నాయి, పక్కనే తాడు ఉంది. తాడు తెగలేదు. నేల మీద పడెయ్యకుండా, వేళ్ళకి పొందికగా చుట్టి, కొస లోపలికి దోపి, శుభ్రంగా ఉన్న చోట పెట్టి ఉంది.

అతను బస్సు దిగి తిన్నగా నా కొట్టుకి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను బందరు దొంగల వంశాలన్నిటికీ దుమ్మెత్తిపోశాను. చెయ్యి పట్టుకుని మళ్ళీ బందరు లాక్కెళ్ళాను పోలీసు స్టేషన్‌కి. “ఎవరిమీదన్నా అనుమానం ఉందా?” అని అడిగాడు హెడ్డు. నాంచారయ్య ఆ తాడు చుట్టని పిడికిట్లో పెట్టుకుని, “లేదండి” అన్నాడు.

మర్నాడు వెతకడానికి బయల్దేరాం. సాంబయ్య కూడా వచ్చాడు. బందరులో ప్రతి సైకిల్ కొట్టూ ఎక్కి దిగాం. మా పక్క గూడూరు దాకా కాళ్ళరిగేలా తిరిగాం. అడిగిన ప్రతివాడూ, “అంత గట్టి ముడి ఎలా విప్పాడయ్యా?” అనేవాడు. నేనూ అదే అంటున్నాను, దారి పొడుగునా. సాంబయ్య ఒక్కడే ఆ మాట అనలేదు. అన్నగారికి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు, కండువాతో వీపు తుడిచాడు, ముడి ఊసు మాత్రం ఎత్తలేదు. నాకు అప్పుడు తట్టలేదు. నాంచారయ్యకి తట్టింది. అసలు అరుగు దగ్గరే తెలిసిపోయింది అతనికి.

ఆ వారంలోనే చెప్పాడు నాకు. మా కొట్టు వెనక ట్యూబులు అతికే తొట్టి దగ్గర కూర్చుని, తాడు చుట్ట నా చేతిలో పెట్టాడు.

“చూడు బావా. దొంగవెధవ ఎవడైనా తాడు చుట్టి పెడతాడా? నూలు నేల మీద పడేస్తే మా నాన్న చేతులు విరగ్గొట్టేవాడు. వాడు సైకిల్ పట్టుకుపోదామనే వచ్చాడు. చేతులు మాత్రం వాటి పని అవి చేసేశాయి.”

నా నోరు ఇక ఆగలేదు. “వాణ్ణి తీసుకొచ్చి సెంటర్లో స్తంభానికి కట్టి తంతాను! సొంత అన్న నోటి దగ్గర కూడు లాక్కుంటాడా? వెతికిన రోజు పొద్దస్తమానం నీ పక్కనే తిరిగాడు కదయ్యా, సిగ్గు లేకుండా!” అని లేచాను.

అతను నా పంచె పట్టుకుని కూర్చోబెట్టాడు. “వాడి చంటిపిల్ల ఏడుపు ఆగింది, విన్నావా? నాలుగు రోజులుగా ఏడవటం లేదు.”

“అడిగితే నువ్వు ఇవ్వవా? అడగొచ్చు కదా!”

నాంచారయ్య తల అడ్డంగా ఊపాడు. “సైకిల్ అమ్మి ఇమ్మంటే ఇచ్చేవాణ్ణి కాదు బావా. నాకూ పిల్లలున్నారు. ఇవ్వనని వాడికి తెలుసు. అందుకే అడగలేదు.”

అతని మీద కూడా కోపం వచ్చింది, ఎందుకో తెలియదు. “నీ యంత్రం మండా! ఊరందరినీ ఆపింది, ఆపాల్సినవాణ్ణి ఆపలేదు” అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను.

“బందరు దొంగల కోసం చేశాను బావా. ఇంట్లోవాళ్ళ కోసం చెయ్యలేదు” అన్నాడు.

నిజమే. వాళ్ళ వీధిలో పగలు ఎవరూ తలుపు గొళ్ళెం పెట్టరు. వీధి పొడుగునా పడుగు నూలు సాచాలంటే పది చేతులు కావాలి, ఎవరు ఎవరింట్లోకైనా వస్తారు, పోతారు. దొంగంటే ఊరి బయటివాడే అని వాళ్ళ నమ్మకం.

ఆ తరవాత నాంచారయ్య మూట నెత్తిన పెట్టుకుని నడిచేవాడు. సైకిల్ మీద పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చే ఊళ్ళు నడిస్తే అందుతాయా? అతను చేరేసరికి ఇంకెవడో అమ్ముకుపోయేవాడు. పాదాలు వాచాయి. చివరికి మూట వదిలేసి బందరు రైల్వే గూడ్సు షెడ్డులో బస్తాలు మోశాడు. నూలు పోగులకి అలవాటుపడ్డ చేతులు, గోనె సంచులకి గీరుకుపోయి పుళ్ళు పడ్డాయి. దగ్గు పట్టుకుంది. నాగేశ్వరమ్మ ఒకటి రెండు సార్లు నా కొట్టు ముందుకొచ్చి, “అన్నయ్యగారూ, దొంగ జాడ ఏమన్నా తెలిసిందాండీ?” అని అడిగింది. ఆవిడకి అతను చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మరుసటి ఏడు సొసైటీకి నూలు వచ్చింది. సాంబయ్య మగ్గానికి కొత్త పడుగు ఎక్కించారు. ఆ పని ఒక్కడి వల్ల కాదు. ఎప్పటిలాగే నాంచారయ్య చెయ్యి సాయానికి వెళ్ళాడు. ఆనాడు జరిగింది అతనే చెప్పాడు నాకు.

తమ్ముడు గుంటలో దిగి బద్దలకి తాళ్ళు కడుతున్నాడట. ఇతను పైన కూర్చుని అందిస్తున్నాడు. వంగి చూశాడు. సాంబయ్య వేస్తున్నది తండ్రి ముడి కాదు. అందరూ వేసే ముడి, కుడిచేతి ముడి. అలవాటు లేని చేతులు కదా, రెండు సార్లు వేస్తే రెండు సార్లూ జారిపోయింది. మూడోసారి వేస్తున్నాడు. మెడ మీద చెమట కారుతోంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వేసిన ముడిని దాచుకుంటున్నాడు తమ్ముడు.

చూడలేకపోయాడు నాంచారయ్య. మెల్లిగా అన్నాడట, “నాన్న ముడే వెయ్యరా సాంబా. ఇక్కడ బయటివాళ్ళెవరూ లేరులే” అని.

సాంబయ్య తల ఎత్తలేదు. చేతులు ఆగిపోయాయి. తాడు వేళ్ళకి చుట్టి, కొస లోపలికి దోపి, గుంట అంచు మీద పెట్టి, పైకెక్కి పెరట్లోకి వెళ్ళిపోయాడు. పడుగు సగం కట్టి అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున ఆ ఇంటికి తాళం వేసి ఉంది. భార్యనీ పిల్లనీ తీసుకుని వెళ్ళిపోయాడు. షోలాపురం మిల్లులకని ఒకరన్నారు, సూరత్ అని ఒకరన్నారు. ఉత్తరం ముక్క లేదు. నాంచారయ్య బతికినన్నాళ్ళూ రాలేదు.

అతను ఎక్కువ కాలం బతకలేదు లెండి. ఆఖరి రోజుల్లో నా కొట్టు ముందు బల్ల మీద కూర్చుని దగ్గుతూ ఉండేవాడు. ఎవరన్నా రిపేరుకి సైకిల్ తెస్తే సీటు కింద చెయ్యి పెట్టి తడిమి చూసేవాడు. ఒకరోజు నేను ఉండబట్టలేక, “ఇంకా ఆ సైకిల్ కోసమేనా?” అని కసిరాను.

“సైకిల్ ఎవడిక్కావాలి బావా” అన్నాడు. చిన్నపిల్లవాడు తప్పేమిటో తెలియక అడిగినట్టు నా మొహంలోకి చూశాడు. “నేనేం తిట్టలేదు బావా. దొంగా అనలేదు. నాన్న ముడి వెయ్యమన్నాను. అంతే అన్నాను.”