చీమలు తిన్న కోల వజ్రం

చాయ్ కింద పెట్టుర్రి. నేను చెప్పేది ఇంటే ముక్కులకు పోతది! నిన్న నేను ఒక వజ్రాన్ని చీమలకు తినవెట్టిన. నిజం అన్నా! నవ్వకుర్రి, నాకైతే ఏడుపొస్తుంది.

మా ఇంటామె సత్తెమ్మ ముక్కుపుడక ఎరికే గద. వాళ్లమ్మ పొయ్యేముందు తన చేతులతోనే బిడ్డ ముక్కుకు పెట్టింది. ఆమె పీనుగ లేసినాడు సత్తెమ్మ ఏడ్సి ఏడ్సి కొంగుతోని ముక్కు తుడుసుకుంటుంటే, అండ్లున్న రాయి యాడనో రాలిపాయె. అంత మందిల యాడ దేవులాడుతం? గప్పటి సంది ఒట్టి గూడే మిగిలింది. గది కోలగ ఉంటది, గుండ్రటి రాయి అండ్ల కూసోదు. "అమ్మ సంవత్సరీకం లోపలన్న ఒక కోల వజ్రం తేవయ్యా" అని బతిమిలాడింది.

తెచ్చిన. మూడుసార్లు తెచ్చిన! కానీ వజ్రం ఉత్తగ కొంటమా? బట్టల ముడేసి, మూడు రాత్రులు మెత్త కింద పెట్టుకొని పండుకోవాలె. విప్పి చూడొద్దు. కలిసొస్తే ఉంచుకోవాలె, లేకుంటే వాపస్. చార్‌కమాన్ కాడి సేట్ గట్లనే ఇస్తడు. మొదటిది తెచ్చిన్నాడు బేగంబజార్ల నా దుకాణం మీదికి ఎద్దు బెదిరొచ్చి గిన్నెలన్ని సొట్టలు పెట్టింది. వాపస్! రెండోది తెస్తే మా బామ్మర్ది పెట్టె బేడతోని దిగిండు. వాపస్!

మూడోది మస్తుగుండె. గూట్ల పెడితే కొలిచి కోసినట్టే కూసున్నది. సత్తెమ్మ కండ్లల్ల నీళ్లు. "దీన్నన్న వాపస్ ఇయ్యకు" అన్నది.

"రాయి గుణం తెల్వాలె గద" అన్న నేను, పెద్ద తెలిసినోని లెక్క.

మొదటి రాత్రి మెడ కాడ చురుక్కుమన్నది. రెండో రాత్రి చెవుల. పొద్దుగాల చూస్తే ఒళ్లంత దద్దుర్లు, మెత్త నిండ చీమలు! "గ్యారంటీగ అరిష్టం! మనిషిని కరిసే వజ్రం యాడన్న ఉంటదా!" అని లొల్లి పెట్టి, ముడి జేబుల ఏసుకొని ఉరికిన. సత్తెమ్మ ఎనకకెల్లి "ఏమయ్యా, ఆగు, ఒక్క మాట ఇను" అని ఒర్రుతనే ఉన్నది. ఎవడింటడు?

సేట్ ముడి విప్పిండు. నా దిక్కు చూసిండు. రాయి మీద వేలు రాసి నాలుకకు పెట్టుకున్నడు.

"అరె భాయ్, యే తో మిస్రీ హై! కలకండ! నా హీరా ఏది?"

"చీమలు తిన్నయేమో సేట్!"

అవునన్నా, గా మాట నా నోట్లకెల్లే వచ్చింది! దుకాణంల ఉన్నోళ్లంత నవ్విర్రు. సేట్ నవ్వలే. "పొద్దుగూకేలోపల హీరా తే. లేకుంటే కొత్వాలికి పట్టిస్త" అన్నడు.

ఇంటికి ఎట్ల వచ్చిన్నో తెల్వది. గడప మీద కూలబడి, తలకాయ దించుకొని, "సత్తెమ్మా, నీ వజ్రం పాయె" అని ఏడుస్తున్న.

"తలకాయెత్తు" అన్నది.

ఎత్తిన. ముక్కుకు కోల వజ్రం తళతళ!

"తెచ్చిన్నాడే గల్లీల కంసాలితోని పొదిగించుకున్న. మల్ల వాపస్ ఇస్తవని ముడిల కలకండ పెట్టిన. గప్పటి సంది నీ ముందటనే తిరుగుతున్న. బువ్వ పెట్టిన, చాయ్ పోసిన. ఒక్కపారన్న నా మొహం చూసినవా? మా అమ్మ ఉంటే గడప కాడికెల్లే చూస్తుండె."

గడప మీదికెల్లి లేసిన. పోయి సేట్‌కు పైసలు కట్టొచ్చిన. ఇయ్యాల లేవంగనే ఆమె మొహమే చూసిన. ఆమె గోడ దిక్కు తిరిగింది.

అరిష్టం మెత్త కింద లేకుండె అన్నా. మెత్త మీద, నా రూపంల పండుకొని ఉండె!