నల్లపాడు మేస్త్రి గారి కుంకుడు నురగ

పోయిన ఆదివారం పొద్దున్నే మా డ్రైవరు ఇంటికొచ్చాడు. ఆదివారం చర్చికి తప్ప ఎక్కడికీ కదలని మనిషి, ఆ తెల్ల చొక్కాతోనే గుమ్మంలో నిలబడ్డాడు. "నల్లపాడు మేస్త్రి గారు పోయారు సార్" అన్నాడు. నేను చెప్పులేసుకుని కారెక్కాను.

మేస్త్రి గారంటే నల్లపాడు స్టేషను రోడ్డులో రేకుల షెడ్డు వేసుకుని కార్లు బాగుచేసిన మనిషి. వాళ్ళది దూది ఏకే సాయిబుల కుటుంబం. పని అయ్యాక చేతులు వేస్టు దూదితో తుడుచుకుంటూ, "మా తాత ఊరూరా తిరిగి దూది ఏకాడు, నేను దాంతో గ్రీజు తుడుచుకుంటున్నా. ఏదైతేనేం, దూది మమ్మల్ని వదల్లేదండీ" అని నవ్వేవారు. విప్పిన నట్లన్నీ విప్పిన వరసలోనే పాత అల్యూమినియం పళ్ళెంలో పేర్చేవారు. ఆ పళ్ళెం ఎవరైనా కదిలిస్తే మాత్రం నవ్వేవారు కాదు.

ఇక నా సంగతి. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం నాది. ముప్పై ఏళ్ళు మిరపకాయల ఘాటు పీల్చీ పీల్చీ నా ముక్కు చచ్చిపోయింది. ఇంట్లో పాలు మాడిపోయినా మా ఆవిడ కేకేస్తేగానీ తెలియదు. నోరు మాత్రం రెండు ముక్కుల పని చేస్తుంది. ఆ నోటితోనే ఒక మంచి మనిషిని దొంగను చేశాను. మేస్త్రి గారిని తలుచుకున్నప్పుడల్లా ముందు అదే గుర్తొస్తుంది.

ఆరేడేళ్ళ కిందటి మాట. కొత్తరకం పెట్రోలు కారు కొని రెండేళ్ళయింది. పిడుగురాళ్ళ, పర్చూరు వైపు రైతుల దగ్గరికి దాంట్లోనే తిరిగేవాణ్ణి. రాత్రిళ్ళు కారు డ్రైవరు ఇంటి దగ్గరే ఉండేది. ఉన్నట్టుండి పెట్రోలు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. "ట్యాంకు నింపిన రోజు వెనకాల పెట్రోలు వాసన వస్తోంది సార్" అని డ్రైవరు రెండు మూడుసార్లు చెప్పాడు. నాకేం వాసన తెలియలేదు. తెలియనివాడు ఊరుకోవాలి కదా, నేను ఊరుకోలేదు. పెట్రోలు తీసి అమ్ముకుంటూ, ముందుగానే ఈ వాసన కథ చెప్పిపెడుతున్నాడనుకున్నాను.

దొంగను పట్టుకోవాలంటే లెక్క పక్కాగా ఉండాలి. అందుకని బంకులో నేనే దిగి దగ్గరుండి పోయించేవాణ్ణి. పంపు దానంతటదే ఆగిపోయినా ఒప్పుకునేవాణ్ణి కాదు. కారును అటూ ఇటూ ఊపించి, మూత దగ్గర పెట్రోలు కంటికి కనబడేదాకా పోయించి అప్పుడు కదలమనేవాణ్ణి. ఎంత నింపినా తరుగు ఆగలేదు. ఈలోగా స్టీరింగు ముందు ఇంజను బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగింది. పెద్ద వర్క్‌షాపులో కంప్యూటరు తగిలించి, పెట్రోలు ఆవిరి ఎక్కడో కారుతోందని చెప్పి, ట్యాంకు మూత బిగించి, లైటు ఆర్పి పంపారు. మూడో రోజు మళ్ళీ వెలిగింది.

నాకు ఒళ్ళు మండింది. యార్డులో బస్తాల మధ్య, హమాలీలూ రైతులూ చూస్తుండగా, "పెట్రోలు తాగేది కారు కాదు, నువ్వు. ఈ నెలాఖరుకి తాళాలు పెట్టి వెళ్ళిపో" అన్నాను. అతను, "ఒక్కసారి నల్లపాడు తీసుకెళ్తాను సార్, మీరూ రండి" అన్నాడు. పన్నెండేళ్ళు నా దగ్గర చేసినవాడు అడిగింది అదొక్కటే.

మేస్త్రి గారు బానెట్ తెరవలేదు. ముందు టీ తెప్పించి, "ఎప్పుడు వెలుగుద్దండీ ఆ లైటు?" అని అడిగారు. నేను మొదలుపెట్టాను.

"షావుకారుగారూ, బండి నడిపేది ఎవరు?"

"వీడే."

"అయితే ఆయన్ని చెప్పనివ్వండి."

డ్రైవరు చెప్పాడు. ట్యాంకు నింపిన రోజు వాసన వస్తుందనీ, నింపాక స్టార్టు కావడానికి మొరాయిస్తుందనీ, ఆ మర్నాడు లైటు వెలుగుతుందనీ. మేస్త్రి గారు కళ్ళు మూసుకుని విన్నారు. కంప్యూటరు ఏం చెప్పిందో నేను చెబితే, "అది వీధి పేరు చెప్పుద్ది. ఇల్లు మనమే వెతుక్కోవాలి" అన్నారు.

రోడ్డు మీద బీడీ కాలుస్తున్న మనిషిని దూరంగా పంపించేశారు. షెడ్డు వెనకే ఇల్లు. ఆయన భార్య గిన్నెలో కుంకుడు రసం నురగ కొట్టి తెచ్చింది. కారు కింద పని చేయడానికి షెడ్డులో తవ్విన గుంత మీదికి కారును తెచ్చి, వెనక కిందనున్న ఒక సన్న పైపు ఒక చివర విప్పి, దానికి పాత బీపీ మిషను రబ్బరు బుడ్డి తగిలించారు. "పెట్రోలు ఊరికే ఆవిరవుతా ఉంటుందండీ. అది గాల్లో కలవకుండా ఈ పైపులోంచి బొగ్గు డబ్బాలోకి పోద్ది. బొగ్గు దాన్ని పట్టి ఉంచుద్ది, ఇంజను తర్వాత లాక్కుని కాల్చుకుంటది. మధ్యలో ఎక్కడ కారినా ఆ లైటు వెలుగుద్ది" అన్నారు. సైకిలు పంపు కొట్టొచ్చు కదా అన్నాను. "అంత గాలి కొడితే మంచి పైపూ పగులుద్ది. మెల్లిగా అడిగితేనే చెప్పుద్దండీ" అని ఆ బుడ్డి నా చేతికే ఇచ్చి, తెల్ల పంచెతో నన్ను గుంతలోకి దింపారు.

నేను నొక్కుతున్నాను. ఆయన కుంచెతో నురగ రాస్తున్నారు. పైపు పొడవునా ఏమీ లేదు. డబ్బాను కలిసే చోట ఒక బుడగ లేచింది, మిరప గింజంత. పగిలి, ఇంకోటి లేచింది. నేను నొక్కినప్పుడల్లా లేస్తూనే ఉంది. అక్కడ రబ్బరు ఉబ్బిపోయి సన్నగా చీలింది. ఆయన ఆ డబ్బా విప్పి పళ్ళెంలోకి వంచారు. పెట్రోలు బొట్లు బొట్లుగా కారింది.

"ఇందులో ఉండాల్సింది ఆవిరి. పెట్రోలు ఎట్టా వచ్చింది?" అని తనలో తనే అనుకుని, నా వైపు తిరిగారు. "గొంతు దాకా పోయిస్తారాండీ?"

నేను చేతిలో బుడ్డి కింద పెట్టాను. డ్రైవరు చెప్పొచ్చు. చెప్పలేదు, నేల చూస్తూ నిలబడ్డాడు. ఆవిరి పోయే దారిలోకి పెట్రోలు పోయించింది నేను. అనుమానం పెరిగేకొద్దీ ఇంకా పోయించాను, పోయించేకొద్దీ పైపు ఉబ్బి చీలింది. అతను తీశాడనుకున్న పెట్రోలంతా నా మొండితనం రోడ్డు మీద కార్చింది. ఆ గుంతలో సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

మేస్త్రి గారు నన్ను తిట్టలేదు. సామాను గుంటూరు నుంచి తెప్పించి మర్నాటికల్లా పైపూ డబ్బా మార్చారు. తాళాలు అడిగితే మాత్రం ఇవ్వలేదు. "ఈయన్ని యార్డులో నలుగురి ముందూ అన్నారంట కదండీ. అక్కడే చెప్పి రండి. బండి ఎక్కడికీ పోదు" అన్నారు. అంత మెత్తగా మాట్లాడే మనిషి తాళాలు జేబులో వేసుకుని టీ తాగుతూ కూర్చున్నారు. నేను డ్రైవరును వెంటబెట్టుకుని ఆటోలో యార్డుకెళ్ళి, అవే బస్తాల మధ్య నిలబడి, తప్పు నాదని అతనికి చెప్పాను. హమాలీలు బస్తాలు దించి మరీ విన్నారు. నా జన్మలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి, అది కూడా నా అంతట నేను చేసింది కాదు.

తాళాలిస్తూ ఆయన చెప్పింది ఒకటే. "మీకు ముక్కు లేదు. ఆయనకుంది. ఆయన మాట వినండి." అప్పటి నుంచి పెట్రోలు పోయించిన ప్రతిసారీ మా డ్రైవరు మూత టిక్కుమనేదాకా తిప్పి, కిందికి వంగి వాసన చూసి, "ఏం లేదు సార్" అంటాడు. నేను సరే అంటాను. ఆ లైటు మళ్ళీ వెలగలేదు.

ఆదివారం మేస్త్రి గారి గోరీలో మట్టి వేసి తిరిగొస్తూ బంకులో ఆగాం. పంపు ఆగిపోయింది. "ఇంకాస్త పడుద్ది సార్, పోయమంటారా?" అని బంకు కుర్రాడు అడిగాడు. చాలన్నాను. డ్రైవరు మూత తిప్పాడు. టిక్కుమంది. అలవాటుగా వంగాడు. వంగినవాడు ఎంతకీ లేవలేదు. నేను దిగి వెళ్ళాను. చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంటున్నాడు. పొద్దుటి నుంచీ ఏడ్చి ఏడ్చి మూసుకుపోయింది.

"ఇవాళ నాకూ తెలీట్లేదు సార్" అన్నాడు.

నేనూ అతని పక్కన వంగాను. వాసన తెలియని ఇద్దరం ఆ మూత దగ్గర కాసేపు అలాగే ఉండిపోయాం.