డ్రిల్లు సార్ వద్దనలేదు

నోటికొచ్చింది వాగి నలుగురినీ నవ్వించే మనిషిని నేను. చిలకలగూడలో పెళ్లయినా చావయినా నా మస్కిరీ లేకుండా గడవదు. కానీ ఒక్క మాట యాభై ఏళ్లుగా గొంతు దాటలేదు. మింగితే దిగదు, కక్కితే రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పే ధైర్యం.

మా ఎదురింట్లో ఖాజా ఉండేవాడు. ఇద్దరికీ పదేళ్లు. బడికి సెలవున్న పొద్దున మా డ్రిల్లు సార్ గల్లీ పిల్లలందరినీ రైలు స్టేషన్ దాకా, మళ్లీ వెనక్కి పరుగెత్తించేవాడు. ముందొచ్చిన వాడికి బహుమతేమీ ఉండదు. సార్ మెడలోని విజిలు వారం రోజులు వాడి మెడలో ఉంటుంది, అంతే. రోజూ తెల్లారగానే దాన్ని ఊదుకుంటూ ఇంటింటికీ పోయి, పిల్లల్ని లేపి ఆటకు తోలుకుపోవడం వాడి పని. ఆ విజిలు ఎప్పుడూ ఖాజా మెడలోనే. వాడు ఊదితే నాలాంటి బద్ధకస్తుడు కూడా లేచేవాడు.

నాకు కుళ్లు. గెలుస్తున్నాడని కాదు. గెలవక్కర్లేనప్పుడు కూడా పరుగెత్తేవాడు. ఉప్పు తెమ్మంటే పరుగే. ఎందుకురా అంటే, ఉరుకుతుంటే కడుపులోంచి నవ్వొస్తుందనేవాడు. నాకు నవ్వు రావాలంటే ఎదురుగా నలుగురు ఉండాలి. వాడికి ఎవరూ అక్కర్లేదు. అది నేను ఓర్చుకోలేకపోయాను.

అంతలో నిజాం మీదికి పటాలాలు దిగి పోలీసు యాక్షన్ వచ్చింది. బడి మూశారు. ఖాజా వాళ్ల గుమ్మానికి గోనెపట్టా పరదా దిగింది. వాళ్లమ్మ భయపడి వాణ్ణి గడప దాటనివ్వలేదు. కొన్ని వారాలకు సార్ మళ్లీ పరుగు మొదలుపెట్టి, ఎదురింటి వాణ్ణని నన్నే పంపాడు, ఖాజాను పిలుచుకురమ్మని.

పరదా ఎత్తుకుని ఖాజాయే వచ్చాడు.

"ఏందిరా, ఉరుకుడు షురూ అయిందా?"

"అయింది."

"అమ్మీ కూడ పొమ్మన్నది. జెర ఆగు, వస్తున్న."

"నిన్ను రావద్దన్నరు."

"ఎవరు?"

"సారే. గిప్పుడు నువ్వొద్దంట."

"పోరా, మస్కిరీ చేస్తున్నవ్."

"మస్కిరీ గాదు. ఒట్టు."

నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాను. వాడు నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు, ఇప్పుడు పకపకా నవ్వేస్తానని. నేను నవ్వలేదు. అబద్ధమాడి నవ్వకుండా ఉండటం నా జన్మలో అదే మొదటిసారి. అందుకే నమ్మాడు.

వెనక్కిపోయి సార్‌తో, వాళ్లమ్మ పంపదంట అన్నాను. సార్ తల ఊపాడు. రెండో ప్రశ్న వెయ్యలేదు. ఆ రోజుల్లో ఆ ఇంటి పిల్లాడు బయటికి రాలేదంటే ఎవరు మాత్రం అడుగుతారు? అది తెలిసే అన్నానా? పదేళ్లవాడికి అంత తెలుస్తుందా? తెలుసనే అనుకుంటున్నాను.

అంతా చేసి నేను గెలిచానా అంటే, నాలుగోవాణ్ణి. ఖాజా ఉన్నప్పుడు ఐదోవాణ్ణి.

ఆ తర్వాత విజిలు వాళ్ల ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా పరదా కొంచెం కదిలేది. కొన్నాళ్లకు అదీ కదల్లేదు. వాళ్లమ్మ మా అమ్మతో చెప్పుకుంది: "పిల్లడు తింటలేడక్కా. గోడ దిక్కు తిరిగి పంటుండు." పక్కనే జొన్నరొట్టె తింటున్నాను. విన్నాను. రొట్టె పూర్తిగా తిన్నాను. మర్నాడైనా పోయి చెప్పి ఉండొచ్చు. ఎందుకు చెప్పలేదు? దెబ్బలకు భయపడ్డానని ఇన్నేళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజమేమిటంటే, వాడు లేని పరుగులో నా జోకులకు అందరూ నవ్వుతున్నారు. ఆ సుఖం వదలబుద్ధి కాలేదు.

ఆ ఏడే సార్‌కు వేరే ఊరికి బదిలీ అయింది. ఖాజా మెల్లగా బయటికొచ్చాడు. గోలీలాడేవాడు. పరుగు పందెమంటే మోకాలు నొస్తుందనేవాడు. పదేళ్ల మోకాలు!

నేను ఆరో తరగతిలో బడికి దండం పెట్టాను. వాడు దర్జీ అయ్యాడు. నా చొక్కాలన్నీ వాడే కుడతాడు. మొన్న కొలతలిస్తుంటే వాడి మనవరాలు చెప్పులు చేతబట్టుకుని, ఎందుకూ కాకుండా నవ్వుతూ గల్లీలోంచి ఉరికింది. ఖాజా టేపు పట్టుకుని అలాగే చూశాడు. నేనూ చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఈ వయసులో, ఆ పసిదాని మీద కూడా నాకు అదే కుళ్లు.

"సార్ నన్నెందుకొద్దన్నడోరా," అన్నాడు. "ఇప్పటికి సుత తెల్వది."

"నువ్వొస్తే మాకు విజిలు దక్కదని!" అన్నాను.

పడీపడీ నవ్వాడు. నిజం చెప్పాను, జోకైపోయింది.

సార్ వద్దనలేదు ఖాజా. నేనే అన్నాను.

చొక్కా గురువారం ఇస్తానన్నాడు. అక్కడ ఈ మాటే వస్తుందో, మళ్లీ మస్కిరీయే వస్తుందో నాకు తెలియదు. ఇక్కడైతే వచ్చింది. గొంతులో కాస్త గాలి ఆడుతోంది.